మధ్యాహ్నం దించు, సాయంత్రం ఎక్కించు: ఒక ఎకనమైజర్ లీకేజీ కథ

2023 ఆగస్టు చివరి వారం, సెకండ్ షిఫ్టు. సాయంత్రం 5:20కి ఎల్‌డీసీ (ఏ కేంద్రం ఎంత కరెంటు తీయాలో చెప్పే లోడ్ డిస్పాచ్ సెంటర్) నుంచి ఫోను. "సార్, సోలార్ పడిపోతోంది. ఏడు కల్లా ఫుల్ లోడ్‌కి తెచ్చేయండి." అప్పటికి మా బొగ్గు విద్యుత్ కేంద్రంలోని యూనిట్ 116 మెగావాట్ల మీద నడుస్తోంది. రోజూ వచ్చే ఫోనే, రోజూ చేసే పనే. కానీ ఆ రాత్రి పదకొండింటికి అదే యూనిట్‌ను మా చేతులతో మేమే ఆపేయాల్సి వచ్చింది. ఆపాక నాలుగు రోజులు లేవలేదు.

స్టేషన్ పేరు, యూనిట్ నంబరు ఇక్కడ రాయడం లేదు. పాత 210 మెగావాట్ల యూనిట్లలో పనిచేసినవాళ్లకు ఇది తమ యూనిట్టే అనిపిస్తే ఆశ్చర్యమేమీ లేదు. డ్రమ్ బాయిలర్, నాలుగు మూలల నుంచి మంట, బొగ్గును పొడి చేసే ఆరు మిల్లులు, మూడు సిలిండర్ల టర్బైన్, బాయిలర్‌లోకి నీరు తోసే మూడు ఫీడ్ పంపులు. ఫుల్ లోడుకు రెండు పంపులు నడవాలి, సగం లోడుకు ఒకటి చాలు. గని పక్కన ఉన్న స్టేషన్ కాదు, బొగ్గంతా రైల్లో రావాలి. ఈ ఒక్క సంగతి మీదే మిగతా కథంతా ఆధారపడి ఉంది. రైలు చార్జీలు కలిశాక మా కరెంటు ధర గని పక్క స్టేషన్ల కంటే ఎక్కువ పడుతుంది. మెరిట్ ఆర్డర్‌లో చౌకవాళ్లు ముందు, ఖరీదైనవాళ్లు వెనక. కాబట్టి డిమాండు తగ్గితే ముందు దించేది మమ్మల్నే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో దించడం అనే మాటే వినిపించేది కాదు. 2003లో ఏబీటీ (గ్రిడ్ ఫ్రీక్వెన్సీని కూడా లెక్కలోకి తీసుకునే చార్జీల విధానం) వచ్చేదాకా దక్షిణ గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ ఉండాల్సింది 48.5 దగ్గర ఈడ్చుకుంటూ నడిచిన రోజులు ఎన్నో. కరెంటు ఎంత తీసినా చాలేది కాదు. మంచి షిఫ్టు అంటే రాత్రీ పగలూ 210 మీద చలించని ముల్లు. ప్లాంట్ లోడ్ ఫ్యాక్టర్ (పీఎల్ఎఫ్, సామర్థ్యంలో ఎంత శాతం కరెంటు తీశామన్న లెక్క) బాగుంటే స్వీట్లు పంచుకునేవాళ్లం. బాయిలర్ గీసినవాడు, టర్బైన్ పోతపోసినవాడు, మాకు ట్రైనింగ్ ఇచ్చినవాడు అందరూ ఆ ఒక్క పనినే మనసులో పెట్టుకున్నారు. లేపితే నెలల తరబడి ఒకే లోడు మీద నడపాలి.

ఇప్పుడు లెక్క వేరు. దేశం మొత్తం మీద చూస్తే విద్యుత్ కేంద్రాల సామర్థ్యంలో బొగ్గు వాటా సగం కంటే కిందికి దిగింది. తయారయ్యే కరెంటులో మాత్రం ఇప్పటికీ నాలుగింట మూడు వంతులకు దగ్గర. ఈ రెండో అంకె చూసి బొగ్గు ఎప్పటిలాగే మోస్తోందని చాలామంది అనుకుంటారు. రోజు మొత్తానికి సగటు తీస్తే అది నిజమే. కానీ కంట్రోల్ రూములో కూర్చున్నవాడికి సగటుతో పనిలేదు, పదిహేను నిమిషాలకో బ్లాకు చొప్పున రోజుకు 96 బ్లాకుల షెడ్యూలు ఎదురుగా ఉంటుంది. ఆ 96 బ్లాకుల్లో మధ్యాహ్నపు బ్లాకులన్నీ 55 శాతం, సాయంత్రం నుంచి బ్లాకులన్నీ నూరు శాతం. సెంట్రల్ రెగ్యులేటర్ (కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్) 2016లో గ్రిడ్ కోడ్ సవరించి 55 శాతాన్ని కనీస సాంకేతిక లోడుగా పెట్టినప్పుడు అది ఎప్పుడో ఒకసారి వచ్చే అవసరం అనుకున్నాం. మా యూనిట్‌కు అదే మధ్యాహ్న భోజనం వేళ అయిపోయింది.

రాయలసీమలోనూ తెలంగాణలోనూ సోలార్ పలకలు పెరిగేకొద్దీ మధ్యాహ్నం గ్రిడ్‌లో చవక కరెంటు పొంగుతుంది. ఎండ వాలాక అది పోతుంది, సరిగ్గా అప్పుడే ఇళ్లలో లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు, టీవీలు లేస్తాయి. ఆ రెంటి మధ్య ఖాళీని పూడ్చడానికి ముందు పిలవాల్సింది జలవిద్యుత్తును. శ్రీశైలం, సాగర్ యంత్రాలు నిమిషాల్లో లోడు ఎత్తుతాయి. 2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదింటికి దేశమంతా తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పినప్పుడు డిమాండు సుమారు 31 వేల మెగావాట్లు పడి మళ్లీ లేచింది. ఆ బరువులో పెద్ద భాగాన్ని దించి ఎత్తింది హైడ్రోవాళ్లే. బొగ్గు యూనిట్లు ముందే కొంత తగ్గి నిలబడ్డాయి గానీ, ఆ వేగం మా వల్ల అయ్యే పని కాదు. ఆ రాత్రి నేను డ్యూటీలోనే ఉన్నాను, హైడ్రోవాళ్ల మీద అసూయ పడ్డ రాత్రి అది.

కానీ 2023 ఆగస్టులో హైడ్రో లేదు. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో దేశంలో అంత తక్కువ వాన పడ్డ ఆగస్టు లేదని వాతావరణ శాఖ చెప్పింది. కృష్ణా రిజర్వాయర్లలో నీళ్లు లేవు. పొలాల్లో మోటార్లు ఆగడం లేదు. సెప్టెంబరు మొదటి రోజుల్లో దేశం డిమాండు 2 లక్షల 40 వేల మెగావాట్లకు చేరింది. సాయంత్రం పూట విద్యుత్ ఎక్స్ఛేంజీలో యూనిట్ కరెంటు ధర గరిష్ఠ పరిమితి పది రూపాయలను తాకి అక్కడే కూర్చునేది, ఆ ధర పెట్టినా అడిగినంత దొరికేది కాదు. అందుకే ఎల్‌డీసీ గొంతులో అంత తొందర.

ఆ సాయంత్రం

116 మీద మూడు మిల్లులు నడుస్తున్నాయి. ఫుల్ లోడుకు, అప్పుడొస్తున్న బొగ్గుతో, ఐదు కావాలి. మిల్లు అంటే స్విచ్చేస్తే తిరిగే మిక్సీ కాదు. ముందు వేడి గాలి పంపి దాన్ని కాయాలి. మిల్లు అవుట్‌లెట్ టెంపరేచర్ వచ్చాక బొగ్గు పోసే ఫీడర్ వేయాలి. పొడి బొగ్గు పైపుల్లో కూర్చోకుండా దాన్ని మోసే గాలి, ప్రైమరీ ఎయిర్, నిలబెట్టాలి. పక్క ఎలివేషన్‌లో (బర్నర్ల వరుసలో) మంట గట్టిగా ఉందో లేదో స్కానర్లలో చూసుకోవాలి. ఒక్కో మిల్లుకు పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పోతుంది. ఈలోగా రెండో ఫీడ్ పంపు లైన్లోకి తేవాలి. అది తెచ్చేటప్పుడు బాయిలర్ డ్రమ్‌లో నీటి మట్టం ఊగుతుంది. డెస్క్ ఇంజినీర్‌కు ఆ పది నిమిషాలు చెమటలే. ఫీడ్ నీటిని బాయిలర్‌కు ముందే వేడిచేసే హెచ్‌పీ హీటర్లను కూడా తిరిగి లైన్లో పెట్టాలి. మధ్యాహ్నం లోడు దించినప్పుడు అవి "లెవెల్ హై" వచ్చి బైపాస్ అయిపోయాయి. అది కూడా రోజూ జరిగేదే. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, మేమే గుర్తుపెట్టుకోలేదు.

6:55కు 203 మెగావాట్లు. ఎల్‌డీసీ నుంచి థాంక్స్ కూడా వచ్చింది. టీ తాగాం.

ఏడున్నరకు డీఎం నీటి మేకప్, అంటే బాయిలర్‌లో తగ్గిన నీటికి బదులు పోసే శుద్ధి చేసిన నీరు, గమనించాను. మామూలుగా గంటకు ఆరేడు టన్నులు పోసే చోట పదకొండు పోస్తున్నాం. బాయిలర్ నీటిని బయటికి వదిలే బ్లోడౌన్ ఎవరైనా తెరిచారేమోనని అడిగించాను. ఎవరూ తెరవలేదు. ఎనిమిదింటికి పద్నాలుగు అయింది. మా ఫీల్డ్ ఆపరేటర్ నాకంటే పదేళ్లు పెద్దవాడు, రిటైర్మెంటుకు ఏడాది ఉంది. "అన్నా, ఒక్కసారి సెకండ్ పాస్ వైపు వెళ్లి చెవి పెట్టి రా" అన్నాను. పావుగంటలో వాకీటాకీలో గొంతు వినిపించింది. "సార్, ఎకనమైజర్ దగ్గర ఈల వేస్తోంది. హాపర్ కింద బూడిద తడిగా ఉంది. ముద్దలు ముద్దలుగా వస్తోంది."

ఇక అనుమానం లేదు. ట్యూబ్ లీక్. ఎకనమైజర్ అంటే బాయిలర్ వెనక భాగంలో, సెకండ్ పాస్‌లో, బయటికి పోయే పొగ వేడితో ఫీడ్ నీటిని కాచే ట్యూబుల గుంపు.

ఇలాంటప్పుడు పుస్తకం ఏం చెబుతుందో ప్రతి ట్రైనీకి తెలుసు. వీలైనంత త్వరగా ఆపేయాలి. చదరపు సెంటీమీటరుకు 150 కిలోల పీడనం మీద ఉన్న నీరు సన్నటి చీలికలోంచి కత్తిలా దూసుకొస్తుంది, బూడిదను కలుపుకుని పక్క ట్యూబును కోస్తుంది. ఒకటి పోయిన చోట గంటల్లో మూడు పోతాయి. ఎల్‌డీసీకి చెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "సార్, మీది పోతే నాకు ఇప్పుడు పెట్టుకోవడానికి ఇంకేం లేదు. ఫీడర్లు కట్ చేయాలి. పీక్ దాటేదాకా ఎలాగోలా నిలబెట్టండి." అతను తప్పేం అడగలేదు. రెండు వందల మెగావాట్లు ఆ రాత్రి ఏ జిల్లాలో పోవాలో తేల్చాల్సింది అతనే.

మా పైవాళ్లతో మాట్లాడాను. నిర్ణయం నాకే వదిలేశారు, అంటే రేపు ఏదైనా అయితే అది నాదే అన్నమాట. నిలబెట్టాను. పీడనం కాస్త తగ్గించి, లోడు 180కి దించి, హాపర్ చుట్టుపక్కలకు మనుషులెవరూ వెళ్లకుండా తాళ్లు కట్టించి, డీఎం ట్యాంకు లెవెల్ చూస్తూ కూర్చున్నాం. పది దాటాక మేకప్ ఇరవై అయిదుకు ఎక్కింది. డిమాండు తగ్గుముఖం పట్టింది. పదకొండుకు లోడు దించి, యూనిట్‌ను చేత్తో ట్రిప్ చేశాం. నా షిఫ్టు పదింటికే అయిపోయింది, నేను ఇంటికెళ్లింది తెల్లారాక.

ఎంత మిగిలింది, ఎంత పోయింది

బాయిలర్‌ను ఫ్యాన్లతో గాలి పెట్టి చల్లార్చి, మనిషి లోపలికి వెళ్లేసరికి ఒకటిన్నర రోజు పట్టింది. మొదట పోయింది ఎకనమైజర్ ఇన్‌లెట్ హెడర్ (ట్యూబులన్నిటికీ నీరు పంచే లావు పైపు) దగ్గర ఒక ట్యూబు. అది కోసిన పక్క ట్యూబులు మరో అయిదు. ఎనిమిదిన్నరకే ఆపి ఉంటే ఒకటో రెండో దగ్గర ఆగేదని వెల్డర్ అన్నాడు. నేను కాదనలేదు. ఆరు ట్యూబులు కోసి, ముక్కలు అతికి, రేడియోగ్రఫీ చేసి, నీటి పీడనంతో చేసే హైడ్రో టెస్టులో ఇంకో సన్నటి కారుడు బయటపడి, దాన్నీ సరిచేసి, లైటప్ చేసి, సింక్రనైజ్ చేసి గ్రిడ్‌కు కలిపేసరికి నాలుగో రోజు రాత్రి. ఆ అదనపు ట్యూబుల వల్ల ఒక రోజు పైనే ఎక్కువ పట్టిందని నా అంచనా. కోల్డ్ స్టార్ట్ కాబట్టి ఆయిల్ 50 కిలోలీటర్ల దాకా కాలింది.

లెక్క చూద్దాం. ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాకా రెండున్నర గంటలు, 180 మెగావాట్లు: నాలుగున్నర లక్షల యూనిట్లు. బయట కొంటే యూనిట్ పది రూపాయలు, మా బొగ్గు ఖర్చు నాలుగు అనుకుంటే, మిగిలింది 27 లక్షలు. అదనంగా పోయిన ఒక్క రోజులో ఒక సాయంత్రపు పీక్ ఉంది. అయిదు గంటలు, 200 మెగావాట్లు: పది లక్షల యూనిట్లు, అదే తేడాతో 60 లక్షలు. ట్యూబుల ఖర్చు ఇందులో లేదు. అంటే సగం సాయంత్రం మిగుల్చుకుని పూర్తి సాయంత్రం ఒకటి పోగొట్టుకున్నాం. కాకపోతే ఆ సగం సాయంత్రం పదిలంగా ఉన్న ఫీడర్ల మీద ఎన్ని ఆసుపత్రులున్నాయో ఈ లెక్కలో రాదు. ఇప్పుడు అడిగినా ఏం చేయాలో నాకు తేలదు. ఒక్కటి మాత్రం మార్చుకుంటాను. లీకు ఖాయమైన నిమిషమే ఎల్‌డీసీకి "ఇన్ని గంటలకు ఆపేస్తాను" అని గడియారం చెప్పేస్తాను. ఆ రాత్రి "చూద్దాం" అన్నాను. చూద్దాం అనే మాట మీద అవతలివాడు ఏర్పాట్లు చేసుకోలేడు.

"ఏజింగ్" అనే మాట

పది రోజులకు రిపోర్టు వచ్చింది. కారణం: ఏజింగ్. ముప్పై ఏళ్లు దాటిన యూనిట్ కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు. నాకు ఆ మాటంటే పడదు. వయసు వల్ల పోతే హెడర్ పొడుగునా ట్యూబులు పలచబడాలి. మందం కొలిచిన కాగితం నా చేతిలో ఉంది. కోత పడని చోట ట్యూబులు బాగానే ఉన్నాయి. పోయింది సరిగ్గా హెడర్‌కు ట్యూబు అతికిన మెడ దగ్గర. చీలిక ట్యూబు చుట్టూ ఉంగరంలా ఉంది, అది కూడా లోపలి వైపు నుంచి మొదలైంది. ఇది అరుగుదల కాదు, వంచి వంచి విరిచిన తీగ.

మా సెక్షన్‌లో కొత్తగా చేరిన అసిస్టెంట్ ఇంజినీర్ ఒకమ్మాయి ఉంది. "అమ్మా, ఎకనమైజర్ ఇన్‌లెట్ టెంపరేచర్ జూన్ నుంచి ట్రెండ్ తీసి పెట్టు" అన్నాను. ఆమె ప్రింటు తీసి టేబుల్ మీద పరిచింది. చూడగానే ఇద్దరం నవ్వాం. నవ్వాల్సిన విషయం కాదు. రంపం పళ్లలా ఉంది గీత. రోజూ మధ్యాహ్నం ఒక్కసారిగా జారుడు, రోజూ సాయంత్రం ఒక్కసారిగా ఎక్కుడు.

జరుగుతున్నది ఇది. ఫీడ్ నీరు బాయిలర్‌లోకి వెళ్లే ముందు టర్బైన్ మధ్య నుంచి తీసిన ఆవిరితో హెచ్‌పీ హీటర్లలో వేడెక్కుతుంది. ఫుల్ లోడు మీద 240 డిగ్రీల దాకా. ఆ ఆవిరి చల్లబడి నీరవుతుంది, దాన్ని మేం డ్రిప్ అంటాం. అది ఒక హీటర్ నుంచి కింది హీటర్‌కు, అక్కడి నుంచి పైన ఎత్తులో ఉన్న డీఏరేటర్ అనే ఫీడ్ నీటి ట్యాంకుకు పీడనం తేడా తోస్తేనే వెళుతుంది. లోడు సగానికి దిగితే ఆవిరి పీడనమూ సగానికి దిగుతుంది. తోసే బలం చాలదు. డ్రిప్ డీఏరేటర్‌కు ఎక్కలేక హీటర్‌లోనే నిండుతుంది. లెవెల్ హై వస్తుంది. టర్బైన్‌లోకి నీరు వెనక్కి పోకుండా రక్షణ పనిచేస్తుంది, హీటర్లన్నీ ఒకేసారి బైపాస్ అవుతాయి. అంతవరకు 205 డిగ్రీల మీద వెళుతున్న నీరు రెండు మూడు నిమిషాల్లో 145కు పడిపోతుంది.

హెడర్ మందపాటి ఉక్కు. దానికి అతికిన ట్యూబు నాలుగైదు మిల్లీమీటర్లు. ఒక్కసారిగా అరవై డిగ్రీలు చల్లబడ్డ నీరు తగలగానే పలచటి ట్యూబు వెంటనే ముడుచుకుంటుంది, మందపాటి హెడర్ నింపాదిగా. ఆ లాగుడంతా అతుకు మీద పడుతుంది. సాయంత్రం హీటర్లు లైన్లోకి వస్తే అదే లాగుడు తిరగబడి. రోజుకు రెండుసార్లు, నెలల తరబడి. వేసవిలో డిమాండు ఎక్కువై దించనివ్వని రోజులు తప్ప.

ఇది ఎవరికీ కనపడలేదా? అందరికీ కనపడింది. ఆపరేషన్ లాగ్‌బుక్కులో "హెచ్‌పీ హీటర్లు లెవెల్ హై, బైపాస్" అని రోజూ రాసి ఉంది, చాలా చోట్ల నా చేతిరాతే. ఎఫిషియెన్సీ సెక్షన్‌వాళ్లు హీటర్లు లేనందుకు హీట్ రేటు (ఒక్కో యూనిట్ కరెంటుకు పట్టే వేడి) పెరిగిందని ప్రతి నెలా ఉత్తరం రాశారు. ఇన్‌స్ట్రుమెంటేషన్‌వాళ్లు లెవెల్ స్విచ్చులు మార్చారు. బాయిలర్ మెయింటెనెన్స్‌వాళ్లకు ఆ ఉత్తరాలేవీ రావు, వాళ్లకు వచ్చేది లీకయ్యాక ట్యూబు ముక్క. తిలాపాపం తలా పిడికెడు. హీటరు మాకు కొంత బొగ్గు మిగిల్చే సామాను. అది ఎకనమైజర్‌కు గొడుగు కూడా అని ఎవరమూ అనుకోలేదు. ఒకే లోడు మీద నడిచిన పాతికేళ్లలో అనుకోవాల్సిన అవసరం రాలేదు.

ఏం మార్చాం

పెద్ద ఖర్చు పెట్టలేదు, పెట్టే వీలూ లేదు. డ్రిప్‌కు రెండో దారి డిజైన్‌లోనే ఉంది. లోడు తగ్గినప్పుడు కింది హెచ్‌పీ హీటర్ డ్రిప్‌ను డీఏరేటర్ బదులు తక్కువ పీడనం మీద నడిచే ఎల్‌పీ హీటర్ వైపు మళ్లించవచ్చు. ఆ వాల్వు ఉంది. ఎప్పుడో లోపల కారుతోందని మూసి, గ్లాండు బిగించి, తాళం వేసినంత పని చేశారు. దాన్ని విప్పి బాగుచేయించాం. 140 మెగావాట్ల దగ్గరే, లెవెల్ ఎక్కకముందే, డ్రిప్‌ను అటు తిప్పమని డెస్క్ ముందు కాగితం అంటించాం. కంట్రోలర్ ట్యూనింగ్ ఫుల్ లోడుకు చేసింది, దాన్ని తక్కువ లోడుకు విడిగా చేయించాం. ఇది చెప్పినంత సులువుగా జరగలేదు. మూడు వారాలు రోజూ మధ్యాహ్నం ఇద్దరు ఇంజినీర్లు భోజనం మానుకుని హీటర్ గేజ్ గ్లాసు దగ్గర నిలబడ్డారు.

ఒకవేళ హీటర్లు పోయినా, తిరిగి పెట్టేటప్పుడు నిమిషానికి రెండు మూడు డిగ్రీలకు మించి ఎక్కకూడదని పెట్టుకున్నాం. దీనికి అరగంట పడుతుంది. ఆ అరగంట లోడు ఎక్కించే సమయంలోంచే రావాలి. అందుకే ఎల్‌డీసీని ఒక్కటే అడిగాం: ఫోను 5:20కి కాదు, 4:45కు చేయండి. సూర్యుడు ఎప్పుడు దిగుతాడో పంచాంగంలోనే ఉంది కదా! వాళ్లు ఒప్పుకున్నారు. ఇప్పుడు సాయంత్రపు బ్లాకులు మెట్లుమెట్లుగా వస్తున్నాయి. మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే లాభించింది ఈ ముప్పై అయిదు నిమిషాలే. దానికి ఒక్క బోల్టు కూడా విప్పలేదు.

తర్వాతి ఆరు నెలల్లో హీటర్లు పూర్తిగా పోయిన మధ్యాహ్నాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఆ హెడర్ దగ్గర లీకు రాలేదు. రీహీటర్‌లో ఒకటి వచ్చింది, అది వేరే కథ.

నెలవారీ రివ్యూలో మాత్రం మా యూనిట్‌కు ఇప్పటికీ చీవాట్లే. పీఎల్ఎఫ్ తక్కువ, ఆగ్జిలరీ కన్సంప్షన్ ఎక్కువ, హీట్ రేటు ఎక్కువ. సగం లోడు మీద పొగను లాగే ఐడీ ఫ్యాన్లు, పంపులు, కూలింగ్ వాటర్ సగానికి తగ్గవు కాబట్టి సొంత వాడకం శాతం పెరుగుతుంది. 55 నుంచి 65 శాతం మధ్య నడిస్తే మాలాంటి సబ్‌క్రిటికల్ యూనిట్‌కు హీట్ రేటు 6 శాతం పెరుగుతుందని 2016 తర్వాత వచ్చిన పరిహార పట్టికలోనే ఒప్పుకున్నారు. రెగ్యులేటర్ ఒప్పుకున్న దాన్ని మా సమీక్షల్లో ఒప్పుకోవడం లేదు. దేశంలో బొగ్గు స్టేషన్ల సగటు పీఎల్ఎఫ్ 2009-10లో 77 శాతం పైన ఉండేది, 2019-20కి 56కు వచ్చింది, ఆ తర్వాత డిమాండుతో పాటు కొంత లేచింది. ఆ అంకె పడ్డప్పుడల్లా బొగ్గు పని అయిపోయిందన్నారు, లేచినప్పుడల్లా బొగ్గే దిక్కన్నారు. రెండుసార్లూ చూడాల్సింది సాయంత్రం ఏడు నుంచి పదిన్నర దాకా ఆ యూనిట్ లైన్లో ఉందా లేదా అని. మా రివ్యూ ఫారంలో ఆ గడి లేదు. పెట్టమని రెండుసార్లు రాశాను.

ఇంకో సంగతి కూడా ఏ ఫారంలోనూ ఉండదు. 116 మీద ఉన్నా, 203 మీద ఉన్నా మా రోటర్ నిమిషానికి 3000 సార్లే తిరుగుతుంది. ఎక్కడో పెద్ద యూనిట్ ట్రిప్పయితే పదుల టన్నుల ఆ ఉక్కులో దాచుకున్న శక్తి మొదటి క్షణాల్లో ఫ్రీక్వెన్సీ జారకుండా పట్టుకుంటుంది, తర్వాత టర్బైన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ ఆవిరి పెంచుతుంది. ఇన్వర్టర్ ద్వారా వచ్చే సోలార్‌కు ఆ బరువు లేదు. మధ్యాహ్నం మమ్మల్ని పూర్తిగా ఆపకుండా 55 మీద నిలబెట్టడానికి ఇదొక కారణం. రెండోది మరీ మోటు కారణం: ఆపితే సాయంత్రానికి లేపలేం.

నలభై

2023 జనవరిలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు వచ్చాయి. బొగ్గు యూనిట్లు 40 శాతానికి దిగగలగాలి. 70 పైన నిమిషానికి 3 శాతం, 55 నుంచి 70 మధ్య 2, 40 నుంచి 55 మధ్య 1 శాతం చొప్పున ఎక్కి దిగగలగాలి. మాకు 40 అంటే 84 మెగావాట్లు. 2024 మొదట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం దిగి చూశాం. రెండు మిల్లులు, పక్కపక్క ఎలివేషన్లు, బొగ్గు పొడిగా ఉన్న రోజు. 95 దాకా మంట బాగానే ఉంది. 90 దగ్గర ఒక మూల స్కానరు ఆడటం మొదలైంది, ఆయిల్ గన్ ఒకటి పెట్టాం. రీహీట్ (టర్బైన్‌లో ఒకసారి పనిచేసి మళ్లీ వేడెక్కి వచ్చే ఆవిరి) టెంపరేచర్ 500 కిందికి జారింది, బర్నర్లు పైకి వంచినా రాలేదు. 84 మీద గంటన్నర నిలబడ్డాం. నివేదికలో "విజయవంతం" అని రాశారు. డ్రిప్ సంగతి నేను వేరే పేజీలో రాశాను. 90 కింద రెండో దారి కూడా చాలడం లేదు, కండెన్సర్‌కు వదలాల్సి వచ్చింది. ఆ గంటన్నరలో ఎకనమైజర్ ఇన్‌లెట్ గీత మళ్లీ రంపమైంది.

ఆ ఏడాది ఓవర్‌హాల్‌లో హెడర్ ఇన్సులేషన్ మొత్తం విప్పించి, ప్రతి అతుకుకూ చీలికలు పట్టే డీపీ, అల్ట్రాసోనిక్ పరీక్షలు చేయించాం. చీలిక మొదలైన మెడలు ఇంకో పదకొండు దొరికాయి. ఆ రాత్రి కారింది పన్నెండోది మాత్రమే. పదకొండూ మార్చాం. రిటైరైన ఫీల్డ్ ఆపరేటర్‌కు ఫోన్ చేసి చెప్పాను. "ఈల వేసింది ఒకటే కదా సార్" అన్నాడు.

పక్కనే ఉన్న మా రెండో యూనిట్ హెడర్ కూడా అదే వయసుది, అదే డిజైను. దాని డ్రిప్ వాల్వు బాగైంది గానీ, ఇన్సులేషన్ విప్పి చూడటానికి ఓవర్‌హాల్ తేదీ రెండుసార్లు వాయిదా పడింది, సాయంత్రపు పీక్‌కు యూనిట్ కావాలని. ఈలోగా దాన్నీ రోజూ మధ్యాహ్నం 116కు దించుతున్నాం. లాగ్‌షీటులో ఎకనమైజర్ ఇన్‌లెట్ టెంపరేచర్‌కు కొత్తగా ఒక గడి గీయించాను, పదిహేను నిమిషాలకోసారి నింపుతున్నారు.